పందొమ్మిదో వార్డు టైఫాయిడ్: ఈగలు దొరికాయి, నీళ్లు తప్పించుకున్నాయి

1902 వేసవిలో షికాగో నగరం మీద టైఫాయిడ్ విరుచుకుపడింది. జులై నుంచి సెప్టెంబర్ దాకా సాగిన ఆ తాకిడిలో ఒక్క వార్డు లెక్క మాత్రం ఎటూ కుదరలేదు. నగరం పడమటి వైపున్న 19వ వార్డులో ఉన్న జనం మొత్తం జనాభాలో 36వ వంతు. టైఫాయిడ్ చావుల్లో ఆ వార్డు వాటా మాత్రం ఆరో వంతుకీ ఏడో వంతుకీ మధ్య. జనాభాను బట్టి రావాల్సిన దానికి ఐదారు రెట్లన్నమాట.

పేదలుండే వాడ కాబట్టి జబ్బులు ఎక్కువని సరిపెట్టుకోవచ్చు. కానీ షికాగోలో అలాంటి వార్డులు ఇంకా చాలానే ఉన్నాయి. అక్కడా వలస వచ్చినవాళ్లే, ఇరుకు గదులే, తక్కువ కూలీలే. పైగా నగరమంతా తాగేది మిషిగన్ సరస్సు నీళ్లే. నీళ్లు చెడితే అందరికీ చెడాలి. ఈ ఒక్క వార్డునే జబ్బు ఎందుకు పట్టుకుంది?

ఆ ప్రశ్నకు అప్పట్లో దొరికిన జవాబు చాలా పేరు తెచ్చుకుంది. అందులో సగమే నిజం. మిగతా సగం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లు బయటపెట్టలేదు. వాడలో జబ్బు జాడ తీయడం గురించి ఈ కథ నుంచి తెలిసేది ఎక్కువగా అక్కడే ఉంది.

నగరం, మురుగు, సరస్సు

షికాగోది మొదటి నుంచీ ఒక విచిత్రమైన ఏర్పాటు. మురుగంతా షికాగో నదిలోకి, నది సరస్సులోకి. తాగే నీళ్లు మళ్లీ ఆ సరస్సు నుంచే. నీళ్లు తోడే చోటును ఒడ్డుకు మైళ్ల దూరం జరిపినా పెద్ద వాన పడితే మురుగు అక్కడిదాకా వెళ్లేది. 1891లో ఆ నగరంలో లక్ష జనాభాకు సుమారు 174 మంది టైఫాయిడ్‌తో చనిపోయారు. ఏ పెద్ద నగరమూ తలెత్తుకోలేని సంఖ్య అది.

అందుకే భారీ ఖర్చు పెట్టి కాలువ తవ్వి నదినే వెనక్కి తిప్పారు. 1900 జనవరి నుంచి నది సరస్సును వదిలి మిసిసిపీ వైపు పారడం మొదలుపెట్టింది. ఇక టైఫాయిడ్ పీడ వదిలినట్టేనని చాలామంది అనుకున్నారు. కానీ మురుగు కాల్వలన్నీ ఇంకా నదిలోకి మళ్లలేదు. కొన్ని నేరుగా సరస్సులోకే పోతున్నాయి. 1902లో వానలు కూడా గట్టిగా పడ్డాయి. కాబట్టి ఆ వేసవిలో నగరమంతా జ్వరాలు పెరగడంలో వింతేమీ లేదు. వింత అంతా 19వ వార్డుదే.

హాల్‌స్టెడ్ వీధి చుట్టూ ఉన్న ఆ వాడలో ఇటాలియన్లు, రష్యా నుంచి వచ్చిన యూదులు, గ్రీకులు, అంతకుముందే స్థిరపడిన ఐరిష్ కుటుంబాలు ఉండేవి. ఒక కుటుంబం కోసం కట్టిన చెక్క ఇళ్లలో నాలుగైదు కుటుంబాలు సర్దుకునేవి. ఇక్కడ ఒక చిన్న సంగతి ముఖ్యం. బురద నేల మీద మురుగు కాల్వలు వేయడానికి షికాగో 1850ల నుంచి తన వీధుల ఎత్తును పెంచుకుంటూ పోయింది. వీధి లేచింది గానీ పాత పెరళ్లు ఉన్నచోటే ఉండిపోయాయి. వీధి కంటే పల్లంలో పడిన ఆ పెరళ్లలోనే గుంట మరుగుదొడ్లు ఉండేవి. మురుగు కాల్వతో కలపని అలాంటి గుంటలు చట్టప్రకారం ఉండకూడదు. అయినా ఉన్నాయి. గట్టి వాన పడితే అవి నిండి పొర్లి పెరడంతా పరుచుకునేవి. ఇంటి లోపల మరుగుదొడ్డి ఉన్నచోట కూడా నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక్కటే. పైపు పగిలితే బాగుచేయించాల్సింది ఎవరన్నది ఎప్పటికీ తేలేది కాదు.

ఆ వాడ మధ్యలోనే హల్ హౌస్ ఉంది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ మొదలుపెట్టిన కేంద్రం అది. చదువుకున్న వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పేదల మధ్యే కాపురముండి పనిచేసేవారు. వీధుల్లో చెత్త సరిగ్గా ఎత్తడం లేదని పోరాడి, 1895లో ఆడమ్స్ స్వయంగా ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టర్ అయ్యారు. టైఫాయిడ్ మీద దర్యాప్తు అక్కడి నుంచే మొదలవడం యాదృచ్ఛికం కాదు.

చావుల పుస్తకం చెప్పేది ఎంత

అప్పట్లో ఒక వాడలో టైఫాయిడ్ ఎంతుందో తెలుసుకోవడానికి ఆధారం మరణాల రిజిస్టరే. జబ్బు వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ డాక్టర్లు ఆరోగ్య శాఖకు తెలియజేయాలన్నది కాగితం మీది మాట. డాక్టరు గడప తొక్కని ఇల్లు ఎన్నో. తొక్కినా అది టైఫాయిడా, మలేరియానా, మామూలు పొట్ట జ్వరమా అన్నది మొదటి వారంలో తేలదు. చావు మాత్రం రిజిస్టర్‌కు ఎక్కక తప్పదు. పదిమందికి జబ్బు వస్తే ఒకరు పోతారన్నది అప్పటి స్థూలమైన అంచనా. చావుల్ని పదితో హెచ్చవేస్తే జబ్బు లెక్క వస్తుందనుకునేవారు.

ఈ లెక్కలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది కాలం. టైఫాయిడ్ క్రిమి కడుపులోకి వెళ్లాక జ్వరం బయటపడటానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది. జ్వరం మొదలయ్యాక ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా మూడో వారంలో. కాబట్టి చావుల పుస్తకంలో ఇవాళ్టి పేజీ చూపించేది నాలుగైదు వారాల కిందటి నీళ్లను, పాలను, తిండిని. ఏదో ఒక చోట మూడు రోజులపాటు నీళ్లు చెడ్డాయనుకోండి, అది రిజిస్టర్‌లో మూడు రోజుల పోటులా కనిపించదు. కొందరు ముందు, కొందరు వెనక మంచం పట్టి వారాల పొడవునా పరుచుకుంటుంది. అప్పటికి ఆ నీళ్లు ఎప్పుడో తాగేసి ఉంటారు. మళ్లీ పరీక్షిద్దామన్నా చుక్క దొరకదు.

రెండోది దీనికన్నా లోతైనది, దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. చావులు ఐదారు రెట్లు ఉన్నాయంటే జబ్బు ఐదారు రెట్లు వచ్చిందని కాదు. టైఫాయిడ్‌లో బతుకుతారా లేదా అన్నది చాలావరకు సేవను బట్టి ఉంటుంది. సేవ సరిగ్గా అందని వాడలో పదికి ఒకరు కాక ఇద్దరు పోయారనుకుంటే జబ్బులోని తేడా రెండున్నర, మూడు రెట్లకు దిగిపోతుంది. అది కూడా పెద్ద తేడానే, కానీ వెతకాల్సిన కారణం మారిపోతుంది. 36వ వంతు, ఆరో వంతు అన్న ఆ ప్రసిద్ధమైన లెక్కలో ఎంత భాగం మురుగుది, ఎంత భాగం మంచం పక్కన మనిషి లేకపోవడానిదో విడదీసే వీలు అప్పుడు లేదు.

హల్ హౌస్ వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, చావుల పుస్తకంతో ఆగకుండా ఇల్లిల్లూ తిరగడం. ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు, మాడ్ గెర్నన్, గెర్‌ట్రూడ్ హౌ అనే మరో ఇద్దరు కలిసి చేసిన దర్యాప్తులో 2,002 నివాసాలను చూశారు. వాటిలో సక్రమమైన మరుగు ఏర్పాటు ఉన్నవి 48 శాతమే. మిగిలిన వాటిలో పైపులు చెడినవి కొన్ని, నీళ్లు సరిగా రాని పెరటి దొడ్లు కొన్ని, మురుగు కాల్వతో సంబంధమే లేని గుంటలు కొన్ని. ఏ వీధిలో ఎన్ని జ్వరాలు, ఏ వీధిలో ఎలాంటి దొడ్లు అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, మురుగు పోయే దారి ఎక్కడ అధ్వానంగా ఉందో అక్కడే జ్వరాలు ఎక్కువున్నాయి. ఆ వీధి మరీ పేదదా, కాస్త మెరుగైనదా అన్నదానితో పని లేకుండా.

ఈ చివరి మాట గట్టి మాట. పేదరికం, అజ్ఞానం, మురికి అంటూ జనం మీదికి తోసేసే మామూలు వివరణను అది కొట్టిపారేసింది.

ఈగ కాలు

మరి పెరటి గుంటలోని క్రిమి వంటింటి గిన్నెలోకి ఎలా వచ్చింది? ఆలిస్ హామిల్టన్ ఊరికే డాక్టరు కాదు, బ్యాక్టీరియాలజీ చదవడానికి జర్మనీ దాకా వెళ్లొచ్చిన మనిషి. అప్పుడే పెట్టిన అంటువ్యాధుల పరిశోధన సంస్థలో పనిచేస్తున్నారు. ఆ వీధుల్లో తిరుగుతుంటే ఆమె కంటపడినవి ఈగలు. పెరట్లో, గోడల మీద, పాల మీద, ఎక్కడ చూసినా ఈగలే.

ఈగల మీద అనుమానం కొత్తది కాదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం కోసం అమెరికా సైన్యం వేసిన శిబిరాల్లో 20,738 మందికి టైఫాయిడ్ వచ్చి 1,580 మంది చనిపోయారు. దాని మీద విచారణకు వేసిన బోర్డులో వాల్టర్ రీడ్, విక్టర్ వాన్, ఎడ్వర్డ్ షేక్‌స్పియర్ అనే వైద్యులు ఉన్నారు. శిబిరాల్లో మరుగు గుంటల మీద సున్నం చల్లేవారు. కాళ్లకు ఆ తెల్లటి సున్నం అంటుకున్న ఈగలు భోజనాల బల్లల మీద నడుస్తూ కనిపించాయి. ఇంతకన్నా కళ్లకు కట్టే సాక్ష్యం ఏముంటుంది?

హామిల్టన్ అదే దారిలో ఒక ప్రయోగం చేశారు. మురుగు కాల్వలేని దొడ్ల దగ్గర, పెరటి కంచెల మీద, ఇళ్ల గోడల మీద, ఒక టైఫాయిడ్ రోగి గదిలో ఈగల్ని పట్టి, క్రిములు పెరిగే ద్రవం ఉన్న గొట్టాల్లో వేశారు. అలాంటివి 18 గొట్టాలు. వాటిలో ఐదింటిలో టైఫాయిడ్ క్రిమి దొరికింది. 1903 ఫిబ్రవరిలో ఆ ఫలితం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయింది. ఇంటింటి దర్యాప్తు నివేదిక ఏప్రిల్‌లో వచ్చింది. పేపర్లు పండగ చేసుకున్నాయి. వాడలో అందరికీ కనిపించే మురికికి, ఎవరికీ కనిపించని క్రిమికి మధ్య ఈగ వంతెన కట్టింది.

ప్రయోగంలో మోసం లేదు. కానీ అది నిరూపించినది చాలా చిన్న విషయం. టైఫాయిడ్ రోగి మలం మీద వాలిన ఈగ ఆ క్రిమిని మోయగలదు, అంతే. మోసినంత మాత్రాన మనిషికి జబ్బు చేసేంత మోతాదు గిన్నెలోకి దిగుతుందో లేదో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈగలు 19వ వార్డు సొత్తు కాదు. గుర్రపు బండ్ల కాలం అది. గుర్రపు లద్దె ఉన్న ప్రతి వీధిలో ఈగలే. ఈ వార్డులో మాత్రమే ఎందుకు అన్న అసలు ప్రశ్న దగ్గర ఈగ నోరు మెదపదు.

మంచం దగ్గర జరిగింది

జాడ తీసే పని ఇలా నడుస్తుంటే వైద్యం ఎక్కడుంది? క్రిమిని 1880లో ఎబర్త్ చూశాడు, 1884లో గాఫ్కీ విడిగా పెంచాడు. 1896లో విడాల్ పరీక్ష వచ్చింది. రోగి రక్తం నుంచి తీసిన సీరంలో టైఫాయిడ్ క్రిములు గుంపులు కడితే ఆ జ్వరం టైఫాయిడ్ అని లెక్క. మాంట్రియల్‌కు చెందిన వయాట్ జాన్‌స్టన్ ఎండిన రక్తపు చుక్కతో కూడా ఈ పరీక్ష చేయొచ్చని చూపించాక, డాక్టర్లు చుక్కను ఆరబెట్టి పోస్టులో నగరపు లేబొరేటరీకి పంపడం మొదలైంది. పెద్ద ముందడుగే. కానీ ఆ పరీక్ష ఎక్కువమందిలో రెండో వారానికి గానీ పలకదు. అప్పటికి రోగి వారం రోజులుగా క్రిముల్ని బయటికి పంపుతూ ఉంటాడు.

మందు లేదు. క్యాలొమెల్, టర్పెంటైన్, పేగుల్ని శుభ్రం చేస్తాయని చెప్పే రకరకాల ద్రావకాలు, గుండె నీరసానికి బ్రాందీ, స్ట్రిక్నిన్ వాడేవారు. ఇవేవీ క్రిమిని చంపవు. ఆ తరంలో అందరికన్నా పేరున్న వైద్యుడు విలియం ఆస్లర్ ఈ జబ్బుకు మందుల కంటే జాగ్రత్తగా చేసే సేవ, పథ్యమే ముఖ్యమని పాఠ్యపుస్తకంలోనే రాసేశాడు. జ్వరం మెట్టు మెట్టుగా ఎక్కి 103, 104 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. నాడి మాత్రం ఆ వేడికి తగ్గంత వేగంగా కొట్టుకోదు. పొట్ట మీద పల్చటి గులాబీ మచ్చలు వస్తాయి. రెండో వారానికి రోగి మత్తులో పడి కలవరిస్తాడు. మూడో వారం గండం. పేగు లోపలి పుండ్లు రక్తం కారొచ్చు, లేదా చిల్లు పడొచ్చు. చిల్లు పడితే బతకడం అరుదు.

మంచి ఆసుపత్రిలో ప్రధాన చికిత్స చన్నీటి స్నానం. జర్మనీలో ఎర్న్‌స్ట్ బ్రాండ్ 1861 నుంచి ప్రచారం చేసిన పద్ధతి అది. జ్వరం 102.5 దాటిన ప్రతిసారీ, మూడు గంటలకోసారి, రోగిని 70 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ల తొట్టిలో 15, 20 నిమిషాలు ఉంచి కాళ్లూ చేతులూ రుద్దుతూ ఉండాలి. రోజుకు ఏడెనిమిది సార్లు. రాత్రీ పగలూ. ఎత్తడానికి దించడానికి ఇద్దరు కావాలి.

ఇదే పద్ధతిని హాల్‌స్టెడ్ వీధి వెనకున్న రెండు గదుల ఇంట్లో ఊహించుకోండి. తొట్టి లేదు. కుళాయి ఎక్కడో మెట్ల కింద, లేదా పెరట్లో. మనిషిని ఎత్తే రెండో మనిషి ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఒకరోజు నాగా పెడితే ఆ రోజు కూలీ పోతుంది. కాబట్టి స్నానం స్థానంలో తడిగుడ్డతో ఒళ్లు తుడవడం. అది కూడా తల్లికి వంట, మిగతా పిల్లలు, అద్దె కోసం ఇంట్లో పెట్టుకున్న ఇతర మనుషుల చాకిరీ అయ్యాక.

పథ్యం సంగతి ఇంకో తమాషా. లంఖణం పరమౌషధం అన్న మాటను ఎవరూ వాళ్లకు చెప్పలేదు గానీ పాశ్చాత్య వైద్యులు కూడా టైఫాయిడ్‌కు అదే పాటించారు. పేగులో పుండ్లున్నాయి కాబట్టి గట్టి తిండి వెళ్తే చిల్లు పడుతుందని భయం. రెండు గంటలకోసారి పాలు, మాంసం రసం, గుడ్డు తెల్లసొన కలిపిన నీళ్లు. జ్వరం దిగాక కూడా వారం, పది రోజులదాకా గట్టి తిండి మాటే లేదు. నెలన్నర తర్వాత లేచిన మనిషి ఎముకల గూడు. న్యూయార్క్‌లో వారెన్ కోల్‌మన్ లాంటి వాళ్లు ఆ తర్వాతి దశాబ్దంలో దీన్ని తిరగేశారు. పాలు, మీగడ, లాక్టోజ్, గుడ్లతో రోజుకు 3,000 కేలరీలు దాటించి పెడితే రోగులు బాగా తట్టుకుంటున్నారని చూపించారు. 1902 నాటి రోగులకు ఆ అదృష్టం లేదు. పైగా జ్వరం తగ్గే ముఖంలో ఆకలి దంచేస్తుంది. కళ్లముందే ఇంట్లోవాళ్లు తింటుంటే ఆపడం ఎవరి తరం?

అసలు మెలిక మాత్రం బెడ్‌పాన్ దగ్గర ఉంది. రోగి మలంలో సమానంగా కార్బాలిక్ ఆమ్లం ద్రావకమో, నీళ్లలో కలిపిన బ్లీచింగ్ పౌడరో పోసి, గంటకు తక్కువ కాకుండా నిలవ ఉంచి, ఆ తర్వాతే పారబోయాలి. పక్కగుడ్డలు ఉడకబెట్టాలి. చేతులు ప్రతిసారీ కడుక్కోవాలి. షికాగోలో 1889 నుంచి పనిచేస్తున్న విజిటింగ్ నర్స్ అసోసియేషన్ నర్సులు ఇల్లిల్లూ తిరిగి నేర్పింది ఇదే. నర్సు ఉండేది రోజుకు ఏ అరగంటో. మిగతా ఇరవై మూడున్నర గంటలు తల్లివే. తల్లి పారబోసేది పెరటి గుంటలోనే. అదే చేత్తో వెళ్లి రొట్టె పిండి కలుపుతుంది. ఈ జబ్బులో రోగికి చేసే సేవ, పక్కవాడికి రాకుండా చూసే నివారణ వేర్వేరు పనులు కావు. ఒకటి తప్పితే రెండోదీ తప్పినట్టే. ఈగల మీద పెట్టిన శ్రద్ధలో కాస్తయినా ఈ చేతుల మీద పెట్టి ఉంటే దర్యాప్తు ఇంకా పదునుగా ఉండేది.

శుభ్రంగా ఉంటే చాలనుకున్న వాళ్లకూ రక్షణ దొరకలేదు. హల్ హౌస్ పక్క వీధిలోనే ఏళ్లుగా ఉన్న ఒక వితంతువు గురించి జేన్ ఆడమ్స్ రాశారు. ఆవిడ ఇరుగుపొరుగు గొడవల్లో తలదూర్చేది కాదు, తన ఇంటిని అద్దంలా ఉంచుకునేది, కష్టపడి ఇద్దరు కూతుళ్లను తూర్పు రాష్ట్రాల్లోని కాలేజీలో చదివించింది. వేసవి సెలవులకు ఇంటికొచ్చిన ఆ పిల్లలిద్దరికీ టైఫాయిడ్ సోకింది. ఒకమ్మాయి చనిపోయింది. వార్డు బాగుంటే గానీ ఇల్లు బాగుండదని చెప్పడానికి ఆడమ్స్ ఈ ఉదంతాన్ని వాడుకున్నారు. ఆవిడ ఉద్దేశం మురుగు గురించే. కానీ తళతళలాడే ఆ ఇంట్లోకి జబ్బు వచ్చిన తీరు మురుగు కన్నా కుళాయి వైపే వేలు చూపిస్తోందని ఇప్పుడు చదివితే అనిపిస్తుంది.

బయటపడిన తప్పు, బయటపడని తప్పు

నివేదిక ఊరికే పోలేదు. చట్టం వద్దన్న గుంటలు వేల ఇళ్లున్న వార్డులో నిక్షేపంగా ఉన్నాయంటే ఇన్‌స్పెక్టర్లు ఏం చేస్తున్నట్టు? ఇంటి ఓనర్లతో లాలూచీ ఆరోపణలు వచ్చాయి. పారిశుధ్య విభాగంలోని 24 మందిలో సగం మంది సివిల్ సర్వీస్ కమిషన్ ముందు విచారణకు నిలబడ్డారు, చివరికి 11 మంది ఉద్యోగాలు ఊడాయి. ముగ్గురు ఆడవాళ్లు పెన్సిలూ కాగితం పట్టుకుని తిరిగితే ఒక నగర శాఖలో దాదాపు సగం ఖాళీ అయ్యింది. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఈ కథకు ఇంకో పొర ఉంది. అది నలభై ఏళ్ల తర్వాత, 1943లో వచ్చిన హామిల్టన్ ఆత్మకథలో గానీ విపులంగా కనిపించదు. ఈగల సిద్ధాంతానికి మంచి పేరొచ్చాక ఆమెకు తెలిసిన విషయం ఇది: స్థానిక పంపింగ్ స్టేషన్ దగ్గర పైపు పగిలి తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరింది. ఆ లోపం కనిపెట్టి ఆపేలోగా మూడు రోజులపాటు ఆ చుట్టుపక్కల వాళ్లంతా ఆ నీళ్లే తాగారు. ఆరోగ్య శాఖకు ఈ సంగతి తెలుసు, బయటికి పొక్కనివ్వలేదు. తన సిద్ధాంతం కన్నా నిజం ఘోరంగా ఉందని, అది జనం దాకా చేరనే లేదని ఆమె రాసుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సభల్లో అధ్యక్షులు ఆ ఈగల కథను గొప్పగా చెప్పడం, ఆమె లేచి అందులో పెద్దగా నిజం లేదని సంజాయిషీ ఇచ్చుకోవడం మామూలైపోయింది. ఆమె అసలు కీర్తి వేరేచోట ఉంది. సీసం లాంటి విషాలు కార్మికుల్ని ఎలా తినేస్తున్నాయో నిరూపించి, 1919లో హార్వర్డ్ అధ్యాపకుల్లో మొదటి మహిళ అయ్యారు. అయినా ఈగలు ఆమెను వదల్లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి లెక్క చూస్తే చాలా ముడులు విడిపోతాయి. నగరమంతా తాగేది ఒకే సరస్సు నీళ్లు కాబట్టి నీళ్లు కారణం కాదన్న తర్కమే తప్పుదారి పట్టించింది. సరస్సు ఒకటే, కానీ నీళ్లు ఇంటికి చేరేది పంపింగ్ స్టేషన్ నుంచి. తోడిన చోట బాగున్న నీళ్లు దారిలో చెడొచ్చు. ఎవరికి ఏ స్టేషన్ నుంచి నీళ్లు వస్తున్నాయో చూపే మ్యాప్ మీద జ్వరాలను గుర్తిస్తే అనుమానం వెంటనే వచ్చేది. కానీ వార్డు హద్దుల మీద గుర్తించారు. వార్డు అనేది ఓట్ల కోసం గీసిన గీత, నీటికి ఆ గీత తెలియదు. ఏ చోట పైపు ఎప్పుడు పగిలిందన్న సమాచారం ఉన్నది నగర యంత్రాంగం దగ్గరే. ఇళ్లు తిరిగిన వాళ్లకు కనిపించేవి కళ్లకు కనిపించేవే: దొడ్లు, పైపులు, ఈగలు. దొరికిన సాక్ష్యంతో వాళ్లు కట్టిన వాదన తప్పు కాదు, దొరకని సాక్ష్యం దాచిన వాళ్ల దగ్గర ఉంది.

ఇంకో కోణం కూడా చూడాలి. శాఖ తలవంచి ఒప్పుకున్న తప్పు కింది స్థాయి ఇన్‌స్పెక్టర్లది. విచారణలో దొరికిన 11 మందిని పంపించేస్తే ఆ అధ్యాయం ముగుస్తుంది. మూడు రోజులు మురుగు నీళ్లు తాగించామని ఒప్పుకుంటే అది ఏ నాయకుడి దాకా వెళ్తుందో చెప్పలేం. ఈగల సిద్ధాంతం చాలామందికి సౌకర్యంగా కుదిరిందని అనుకోవడానికి కారణం ఉంది.

అలాగని పైపు పగలడంతోనే అంతా తేలిపోదు. మహమ్మారి మొదలయ్యాకే ఆ పైపు పగిలిందని హామిల్టనే రాశారు. అంటే తొలి జ్వరాలకు కారణం వేరే. వానలకు చెడిన సరస్సు నీళ్లు కావచ్చు, పాలు కావచ్చు. పైపు పగిలినప్పుడు ఆ ప్రాంతంలో అందరూ ఒకేలా తాగి ఉంటే, అధ్వాన్నమైన దొడ్లున్న వీధుల్లోనే జ్వరాలు ఎక్కువెందుకున్నాయి? దీనికి తేలికైన సమాధానం రెండు దశలు. నీళ్లు ఒక్కసారిగా చాలామంది రోగుల్ని తయారుచేశాయి. ఆ రోగుల నుంచి జబ్బు పక్కవాళ్లకు పాకడం మాత్రం దొడ్డి ఎలాంటిది, చేతులు కడిగే నీళ్లున్నాయా, సేవ చేసేది ఎవరు అన్నదాన్ని బట్టి వీధికో రకంగా నడిచింది. అందులో ఈగ పాత్ర కొంత ఉండొచ్చు. నాయకపాత్ర కాదు.

ఇంకో పాత్ర అప్పటికి రంగం మీదికే రాలేదు. జబ్బు తగ్గిపోయి ఆరోగ్యంగా తిరుగుతూనే కొందరు నెలలు, ఏళ్ల తరబడి టైఫాయిడ్ క్రిమిని విసర్జిస్తూ ఉంటారు. జర్మనీలోని ట్రియర్ చుట్టుపక్కల పరిశీలనల ఆధారంగా క్రిముల శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ దీని గురించి ప్రసంగించింది 1902 నవంబర్‌లో, షికాగోలో తాకిడి తగ్గాక. న్యూయార్క్‌లో అలా క్రిమిని మోస్తూ తిరిగిన మేరీ మాలన్ అనే వంటమనిషిని జార్జ్ సోపర్ పట్టుకున్నది 1907లో. కాబట్టి 19వ వార్డులో మంచం మీద ఉన్నవాళ్లనే లెక్కపెట్టారు, వంట చేస్తున్నవాళ్లను కాదు.

తర్వాత జరిగింది కూడా ఒక రకమైన సాక్ష్యమే. 1908లో జెర్సీ సిటీ తాగునీటిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. షికాగో 1912లో మొదలుపెట్టి కొన్నేళ్లలో నగరం నీళ్లన్నిటికీ విస్తరించింది. పాలను వేడిచేసి అమ్మాలన్న నిబంధన 1908లోనే వచ్చింది. 1920 నాటికి షికాగోలో టైఫాయిడ్ చావులు లక్షకు 2 కూడా లేవు. పెరటి గుంటలన్నీ ఆ లోగా ఒక్కసారిగా మాయం కాలేదు, ఈగలు అంతకన్నా కాలేదు. టైఫాయిడ్ క్రిమిని నిజంగా చంపే మందు, క్లోరామ్‌ఫెనికాల్, రోగుల మీద పనిచేస్తుందని తేలింది 1948లో, మలయాలో. అది కూడా వేరే జ్వరానికి పరీక్షిస్తుంటే తగిలింది. అప్పటికి పాత 19వ వార్డు వీధుల్లో ఆ మందు రాయాల్సిన రోగులు పెద్దగా మిగల్లేదు.